హలో, వినబడుతోందా? ఫోన్ ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్ళ కోసం

ఆఫ్ క్యాంపస్‌కి అప్లై చేసే మనలాంటి వాళ్ళకి మొదటి పిలుపు చాలాసార్లు ఫోన్లోనే వస్తుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే ముప్పావు గంట. అవతల హెచ్ఆర్ ఉండొచ్చు, లేదా రెండు మీటింగుల మధ్య టైమ్ చూసుకుని కాల్ చేసిన ఇంజనీరు ఉండొచ్చు. ఈ రౌండ్ దాటితేనే వీడియో కాల్, ఆఫీసుకి రమ్మనడం వగైరా. ఇంత ముఖ్యమైనదాన్ని మన హాస్టల్లో తేలిగ్గా తీసుకోవడం చూస్తున్నాను. "ఫోనే కదరా, పక్కన నోట్స్ పెట్టుకుని చెప్పేయొచ్చు" అంటారు. షర్టు ఇస్త్రీ అక్కర్లేదు, బస్సెక్కి హైదరాబాదు పోనక్కర్లేదు, నిజమే. ఖర్చు లేదు కాబట్టి తయారీ కూడా అక్కర్లేదనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మన తరఫున సాక్ష్యం చెప్పేవి చాలా ఉంటాయి. కళ్ళు ఆలోచిస్తున్నట్టు కనిపిస్తాయి. చేయి బోర్డు మీద బొమ్మ గీస్తుంది. మాట తడబడినా నవ్వు సర్దేస్తుంది. ఫోన్లో ఇవేవీ రావు. గొంతు ఒక్కటే వెళ్తుంది, అది కూడా పూర్తిగా వెళ్ళదు. అందుకే ఫోన్ ఇంటర్వ్యూకి తయారవడమంటే జవాబులు నేర్చుకోవడం ఒక్కటే కాదు, మన మనసులో జరిగేదంతా గొంతుకి అప్పజెప్పడం నేర్చుకోవాలి. గత రెండేళ్ళుగా మా బ్లాకులో మాక్ కాల్స్ పెట్టుకుని గమనించినవీ, ఈసీఈ సిలబస్‌లో చదివినవీ కలిపి రాస్తున్నాను. సీఎస్ఈ వాళ్ళు మొదటి భాగాన్ని కొంచెం ఓపిక పట్టి చదవండి.

గొంతులో ఎంత వెళ్తుంది?

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. పాతకాలం నుంచీ టెలిఫోన్ లైను అందులో 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ముక్కనే పంపుతోంది. సెకనుకి 8000 శాంపిల్స్, ఒక్కో శాంపిల్‌కి 8 బిట్లు, వెరసి 64 కిలోబిట్లు అని పీసీఎం చాప్టర్లో మనం బట్టీ పట్టిన లెక్క ఈ ముక్క కోసం వేసిందే. ఇప్పటి వోల్టీ కాల్స్‌లో వైడ్‌బ్యాండ్ కోడెక్ ఉంటే 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. అందుకే మంచి సిగ్నల్ ఉన్న రెండు 4జీ ఫోన్ల మధ్య మాట పక్కనుంచి వచ్చినట్టు ఉంటుంది. కానీ అవతలివాళ్ళు ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచో, కాన్ఫరెన్స్ బ్రిడ్జి నుంచో మాట్లాడుతుంటే దారిలో ఎక్కడో మన గొంతు మళ్ళీ ఆ ఇరుకు సందులోకే దిగిపోవచ్చు. దిగిందో లేదో మనకి తెలీదు. దిగిందనే అనుకుని మాట్లాడటం క్షేమం.

దీనివల్ల పోయేదేంటి? అచ్చులు దాదాపు భద్రంగా వెళ్తాయి. నష్టపోయేవి హల్లులు. "స్" శబ్దంలోని బలమంతా ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. "ఫ్" అసలే బలహీనమైన శబ్దం. అందుకే ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు ఎస్, ఎఫ్ ఒకేలా వినబడతాయి. బి, డి, పి, టి నాలుగూ "ఈ" తోనే ముగుస్తాయి కాబట్టి మొదటి హల్లు మింగుడు పడితే మిగిలేది ఒకటే "ఈ". విమానాల వాళ్ళు 1956లో ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే వరుసని ఖరారు చేసుకున్నది ఈ బాధ పడలేకే. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు, "డి ఫర్ ఢిల్లీ, బి ఫర్ బాంబే" చాలు. మీ మెయిల్ ఐడీని ఇలా ఒకసారి పైకి చెప్పి చూడండి. అందులో రెండు అండర్‌స్కోర్లు, ఒక చుక్క, పదో తరగతిలో ముచ్చటపడి పెట్టుకున్న హీరో పేరు ఉంటే ఇవాళే కొత్తది తెరవండి.

అంకెలు మరీ ప్రమాదం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో కవలపిల్లలు. సీజీపీఏ అడిగితే "ఎయిట్ పాయింట్ వన్ ఫైవ్" అని ఒక్కో అంకె విడగొట్టి చెప్పండి. పాసైన సంవత్సరం, మొబైల్ నంబరు, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, ఇలా అంకె ఉన్న ప్రతిచోటా ఇదే పద్ధతి.

మధ్యలో ఒక ముచ్చట. మగవాళ్ళ గొంతు మూల పౌనఃపున్యం సాధారణంగా 100 హెర్ట్జ్ పైచిలుకు ఉంటుంది, అంటే పాత లైను 300 గీతకి కిందే. అసలు స్వరం లైన్లోకి ఎక్కనే ఎక్కదు. అయినా ల్యాండ్‌లైన్‌లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినబడేది. పైనున్న హార్మోనిక్స్‌ని విని మన మెదడు పోయిన మూలస్వరాన్ని తనే పూరించుకుంటుంది. సమస్యాపూరణం లాంటిదన్నమాట. దీన్ని సెమిస్టర్ పరీక్షలో ఎవరూ అడగరు గానీ నాకు భలే ఇష్టమైన సంగతి.

ఇంతా చెప్పింది యాస గురించి భయపెట్టడానికి కాదు. శ్రీకాకుళం యాసైనా, కరీంనగర్ యాసైనా అవతలివాళ్ళు రెండు నిమిషాల్లో అలవాటు పడతారు. వాళ్ళది తమిళ యాసో, బెంగాలీ యాసో అయ్యుంటుంది. అలవాటు పడలేనిది వేగానికి. కంగారులో మనవాళ్ళు సాగదీయాల్సిన చోట పరిగెత్తుతారు. మొదటి మూడు వాక్యాలు, అంటే పేరు, ఊరు, చదువు, వీటిని కావాలని నెమ్మదిగా చెప్పండి. మీ గొంతుకి అలవాటు పడటానికి వాళ్ళకిచ్చే గడువు అది.

నిశ్శబ్దాన్ని ఎలా వింటారు

మా రూమ్మేట్ సంగతి తన అనుమతితోనే రాస్తున్నాను. రాజాం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంట్లో వ్యవసాయం, కూతురి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. మా బ్యాచ్‌లో డేటా స్ట్రక్చర్స్ తనకంటే బాగా వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అంతే. మొదటి ఫోన్ ఇంటర్వ్యూలో ఒక మామూలు ప్రశ్న అడిగారు. వాడు ఆలోచించడం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చుని చూస్తున్నాను, కాగితం మీద పెన్ను పరిగెడుతోంది, జవాబు వచ్చేస్తోంది కూడా. ఈలోపు ఫోన్లోంచి "హలో? ఆర్ యూ దేర్?" అని ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. వాడు "ఎస్ సర్" అని మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోయాడు. "ఓకే, లెట్స్ మూవ్ ఆన్" అన్నారు అవతల. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది, అది ఎలాంటి మెయిలో మీకు తెలుసు.

అవతలాయనది తప్పనలేం. ఆయనకి పెన్ను కనబడదు. పైగా ఇక్కడ మన ఫోన్లు కూడా ఒక పని చేస్తాయి. మనం మాట్లాడనప్పుడు బ్యాటరీ, బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం ఫోను మన మైకు నుంచి వచ్చేదాన్ని పంపడం దాదాపు ఆపేస్తుంది. అవతలి ఫోను ఆ ఖాళీలో తనే ఒక సన్నటి కృత్రిమ గీ శబ్దం నింపుతుంది. దాన్ని కంఫర్ట్ నాయిస్ అంటారు. లైను తెగిందని వినేవాడు కంగారు పడకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటది. అంటే మీరు మౌనంగా ఆలోచిస్తున్నప్పుడు అవతలాయన వింటున్నది మీ గదిలోని నిశ్శబ్దం కూడా కాకపోవచ్చు. మీ ఊపిరి, మీ పెన్ను గీతలు, మీ "ఉమ్" అనే చిన్న మూలుగు, వీటిలో ఏదీ చేరకపోవచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. మాటల్లో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి చాలా తక్కువ. 2009లో పది భాషల మీద చేసిన ఒక పరిశోధనలో ఇది సగటున సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో తేలింది. ఆ పదింటిలో తెలుగు లేదు, కానీ మన రచ్చబండ సంభాషణ విన్నవాళ్ళెవరూ మనం అంతకంటే నిదానమని అనరు. ఫోన్లో ఈ వ్యవధికి లైను ఆలస్యం తోడవుతుంది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఇబ్బంది తెలీదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెప్తుంది. అది దాటేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ "సారీ, గో అహెడ్" అనడం, మళ్ళీ ఇద్దరూ ఆగడం. మన ఆర్టీసీ స్టాండులో ఒకే సీటు దగ్గర ఇద్దరు మర్యాదస్తులు నిలబడ్డట్టు. మందు సులువే. ప్రశ్న పూర్తయ్యాక మనసులో "ఒకటి" అనుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఢీకొంటే మీరే ఆగండి, వాళ్ళు పూర్తిచేశాక అందుకోండి.

ఆ తర్వాత మా వాడికి మేం పెట్టిన నియమం ఒక్కటే: నోరు అయిదు సెకన్లకి మించి ఊరుకోకూడదు. ఆలోచించొద్దని కాదు, ఆలోచనని పైకి అనమని. నిజంగా టైమ్ కావాలనిపిస్తే అడిగి తీసుకోవాలి. "కెన్ ఐ టేక్ హాఫ్ ఎ మినిట్ టు థింక్?" అని అడిగి తీసుకున్న అరనిమిషం ఆలోచనగా వినబడుతుంది. అడక్కుండా తీసుకున్న పది సెకన్లు "రాలేదు" అన్నట్టు వినబడతాయి.

ఆలోచనని పైకి అనడం

చెప్పడానికి తేలికే, చేయడం తేలిక కాదు. చిన్నప్పటినుంచీ మనకి నేర్పింది దీనికి ఉల్టా. లెక్క మౌనంగా చెయ్యి, జవాబు మాత్రం చెప్పు. అందుకే ఒక చిన్న ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ప్రశ్న: "అర్రేలో రెండో పెద్ద సంఖ్య ఎలా కనుక్కుంటావు?"

మౌనంగా చేసేవాడు ఇరవై సెకన్లు ఆగి "సార్ట్ చేసి చివరి నుంచి రెండోది" అంటాడు. తప్పుకాదు. కానీ అవతలివాళ్ళకి ఆ వాక్యం తప్ప మీ బుర్రలో ఏముందో ఏమీ తెలియలేదు.

మాట్లాడుతూ చేసేవాడు ఇలా నడుస్తాడు. ముందు ప్రశ్ననే తిప్పి చూస్తాడు: "ఉదాహరణకి 7, 12, 12, 5 ఇచ్చారనుకుందాం. రెండో పెద్దది 12 అనాలా, 7 అనాలా? అంటే ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే ఒకటిగా లెక్కపెట్టాలా?" ఇంటర్వ్యూలో ఎక్కువ మార్కులు ఈ వాక్యానికే అని నా నమ్మకం. అవతల "ఒకటిగానే లెక్కపెట్టు" అన్నారనుకోండి. అప్పుడు: "సార్ట్ చేస్తే ఎన్ లాగ్ ఎన్ పడుతుంది. కానీ ఒక్కసారి చూసుకుంటూ పోతే కూడా సరిపోతుందనిపిస్తోంది. రెండు వేరియబుల్స్ పెట్టుకుంటాను, ఒకటి పెద్దది, ఒకటి రెండోది. 7 వచ్చింది, పెద్దదాంట్లో 7. 12 వచ్చింది, అది పెద్దది కాబట్టి 7 రెండో దాంట్లోకి జరుగుతుంది, 12 మొదటిదాంట్లోకి. మళ్ళీ 12, సమానం, వదిలేస్తాను. 5 వచ్చింది, 7 కంటే చిన్నది, వదిలేస్తాను. జవాబు 7. ఒకవేళ సంఖ్యలన్నీ ఒకటే అయితే రెండోది ఉండదు, అప్పుడు లేదని తిరిగివ్వాలి."

ఇది ఇంగ్లీషులో చెప్పాలి కదా అంటారా? గమనించండి, ఇందులో కష్టమైన ఇంగ్లీషు మాట ఒక్కటి లేదు. "సెవెన్ కమ్స్", "ట్వెల్వ్ ఈజ్ బిగ్గర్", "సేమ్, సో ఐ స్కిప్ ఇట్". ఇంటర్ చదివిన ఎవరికైనా వచ్చే మాటలే. మా రూమ్మేట్‌కి ఇంగ్లీషు లోటు అనుకున్నాం చాలాకాలం. అసలు లోటు పైకి అనే అలవాటుది. వాడు మొదట వారంరోజులు తెలుగులోనే ఇలా గట్టిగా చెప్తూ ప్రోగ్రాములు రాశాడు, పక్కగది వాళ్ళు వీడికేదో అయిందనుకున్నారు. తర్వాత అవే ఇంగ్లీషులో. వరస ఇదే ఉండాలని నేనంటాను: ముందు తెలుగులో నోరు తెరవాలి. రెండూ ఒకేసారి మీద వేసుకుంటే రెండూ జారిపోతాయి.

ఫోన్లో కోడ్ అక్షరం అక్షరం చెప్పకండి. "ఫర్, బ్రాకెట్, ఇంట్, ఐ ఈక్వల్స్..." అంటుంటే వినేవాళ్ళకి నిద్రొస్తుంది. "మొదటి నుంచి చివరిదాకా ఒక లూప్" అనండి. కావాలంటే వాళ్ళే వివరం అడుగుతారు.

ఊ కొట్టడం

అమ్మమ్మ కథ చెప్తుంటే ఊ కొట్టకపోతే "పడుకున్నావా?" అని ఆపేసేది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉండి "తందాన తాన" అంటుంటేనే కథ ముందుకు సాగుతుంది. వినేవాడు వింటున్నాడని చెప్పేవాడికి తెలియాలి, ఇది మన కథలు చెప్పేవాళ్ళందరికీ తెలిసిన విద్య. ఎదురుగా ఉంటే తల ఊపితే చాలు. ఫోన్లో తల ఊపితే ఎవరికీ కనబడదు. మా మాక్ కాల్స్‌లో ఇప్పటికీ సగంమంది ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని భక్తిగా తల ఊపుతూనే ఉంటారు, నోట్లోంచి మాట రాదు.

అలాగని మాటమాటకీ ఊ కొట్టినా ప్రమాదమే. అవతలివాళ్ళు స్పీకర్‌ఫోన్‌లో ఉంటే, ఎకో రాకుండా ఆ పరికరం ఒకవైపు గొంతు వచ్చేటప్పుడు రెండోవైపుని తగ్గించేస్తుంది. అంటే మీ "ఓకే ఓకే ఓకే" వాళ్ళ ప్రశ్నలో ముక్కల్ని తినేస్తుంది. వాక్యం పూర్తయిన చోట ఒక్క "రైట్", లేదా "ఐ సీ". అంతకు మించి వద్దు.

తెలుగు "ఆఁ" గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనం "ఆఁ" ని పైకి ఎత్తితే "ఏంటి, వినబడలేదు" అని అర్థం, కిందికి దించితే "అవును" అని. తెలుగువాళ్ళ మధ్య ఈ స్వరభేదం చక్కగా పనిచేస్తుంది. అవతల తెలుగు రానివాళ్ళుంటే రెండూ ఒకటే గందరగోళం. వినబడకపోతే పూర్తి వాక్యం వాడండి, "సారీ, కుడ్ యూ రిపీట్ ది లాస్ట్ పార్ట్?" అని. ఎక్కడిదాకా వినబడిందో చెప్తే ఇంకా మంచిది. ఊహించుకుని వేరే ప్రశ్నకి జవాబు చెప్పడం కంటే రెండుసార్లు అడగడం నయం.

మన తెలుగు ఇంగ్లీషులోకి దూరే చోట్లు

సాహిత్య సంఘం పత్రిక కాబట్టి ఈ భాగం కొంచెం ఇష్టంగా రాస్తున్నాను. మనం "మా ఇల్లు, మా అమ్మ, మా కాలేజీ" అంటాం. పెళ్ళయినవాళ్ళు "మా ఆవిడ" అని కూడా అంటారు, అక్కడ ఆ "మా"లో వాటాదారులెవరూ లేరని అందరికీ తెలుసు. ఒక్కడినే అయినా "నా" అనడం మనకి పొగరుగా అనిపిస్తుంది. ఈ మర్యాదే ఇంటర్వ్యూలో కొంప ముంచుతుంది. "అవర్ ప్రాజెక్ట్", "వి డిజైన్డ్", "వి టెస్టెడ్" అని నలుగురి బ్యాచ్ మొత్తాన్ని లైన్లోకి తెస్తాం. అవతలివాళ్ళు అడిగేది మీరేం చేశారని. ఎదురుగా ఉంటే సర్క్యూట్ మీద వేలు పెట్టి "ఇది నాది" అని చూపించొచ్చు, ఫోన్లో వేలు లేదు. కాబట్టి ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు ముందే విడదీసి పెట్టుకోండి: మేం నలుగురం కలిసి ఇది చేశాం, అందులో సెన్సర్ రీడింగులు తీసుకునే కోడ్ నాది. రెండో వాక్యంలో సిగ్గు పడొద్దు.

"చెప్పండి సార్" అనేది మన నోట ఎంతో వినయంగా ఉంటుంది. దాన్నే "టెల్ మీ సర్" అంటే ఆజ్ఞాపించినట్టు వినబడుతుంది. మన "అండి" అంతా ఆ అనువాదంలో ఆవిరైపోయింది. "ఎస్ సర్, ప్లీజ్ గో అహెడ్" అనండి. అలాగే "ఐ హావ్ ఎ డౌట్". మన క్లాసులో డౌట్ అంటే ప్రశ్న. ఇక్కడి ఇంటర్వ్యూయర్లకి అర్థమవుతుంది గానీ, విదేశాల్లో కూర్చున్నవాళ్ళకి మీరు వాళ్ళ మాటని నమ్మట్లేదన్నట్టు వినబడొచ్చు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే గొడవే లేదు.

వీటిలో ఏదీ సిగ్గుపడాల్సింది కాదు. మన భాషలో మర్యాద క్రియాపదంలో ఉంటుంది, ఇంగ్లీషులో వేరేచోట ఉంటుంది. దారి తెలుసుకోవడమే.

కాగితం మీద ఏముండాలి

ఫోన్ కాబట్టి చూసి చదివేయొచ్చు అనేవాళ్ళకి ఒక చిన్న పరీక్ష. ఎవరినైనా పక్కగదిలోంచి మీకు కాల్ చేసి, కొన్ని వాక్యాలు చూసి, కొన్ని చూడకుండా చెప్పమనండి. ఎవరికైనా తేడా తెలిసిపోతుంది. చదివేటప్పుడు గొంతు ఒకే మట్టంలో నడుస్తుంది, ఊపిరి అర్థం దగ్గర కాకుండా వరస చివర తీసుకుంటాం. అవతలివాళ్ళు రోజూ ఇలాంటి కాల్స్ వినేవాళ్ళు. కీబోర్డు టకటక, తర్వాత చిన్న విరామం, తర్వాత హఠాత్తుగా వికీపీడియా భాష, ఇది కూడా వాళ్ళకి కొత్త కాదు. స్క్రీన్ మీద జవాబు తయారుచేసి పెట్టే యాప్స్ గురించి కూడా ఇదే మాట. నీతి మాట పక్కన పెట్టినా, వాటి మొదటి జవాబు తర్వాత వచ్చే "వై?" దగ్గర మనిషి దొరికిపోతాడు.

అందుకే కాగితం మీద వాక్యాలొద్దు, మాటలే ఉండాలి. హరికథ దాసుగారు కథ మొత్తం కాగితం చూసి చెప్పరు. ఘట్టాలు గుర్తుంటాయి, మాటలు అప్పటికప్పుడు వస్తాయి. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్"కి నాలుగైదు ఘట్టాలు చాలు: చదువు, ఇష్టమైన సబ్జెక్టు, చేసిన పని ఒకటి, ఈ ఉద్యోగం ఎందుకు. ఒకటిన్నర నిమిషం దాటకూడదు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. సొంత గొంతు వినడం మొదట్లో చేదుగానే ఉంటుంది. మూడోసారికి ఎక్కడ "బేసికల్లీ" లు పడుతున్నాయో మీకే లెక్క తెలుస్తుంది. మా ఫ్లోర్ రికార్డు ఒక్క నిమిషంలో పదకొండు.

పక్కన రెజ్యూమె ప్రింటు ఒకటి తప్పకుండా. వాళ్ళ ముందు అదే ఉంటుంది, ప్రశ్నలన్నీ అందులోంచే పుడతాయి. రెజ్యూమెలో రాసిన ప్రతి మాటకీ ఒక చిన్న కథ చెప్పగలగాలి. చెప్పలేని మాటని కాల్ రాకముందే కొట్టేయండి. ఇంకా ఉద్యోగ ప్రకటన ప్రింటు, మీరు అడగాల్సిన రెండు ప్రశ్నలు, ఖాళీ తెల్లకాగితం, రెండు పెన్నులు. ఆ రెండు ప్రశ్నల్లో ఒకటి పని గురించి ఉండనివ్వండి. బాండ్ ఉంటే ఎంతకాలం, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అని అడగటం తప్పు కాదు, ఆఫర్ దాకా వచ్చాక తప్పకుండా అడగండి. అప్పున్న ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం, ఇంకో అప్పు తెలియక నెత్తిన పెట్టుకోకూడదు.

చోటు, ఫోను

త్వరగా చెప్పేస్తాను. ఖాళీ క్లాస్‌రూమ్ నిశ్శబ్దంగా ఉంటుంది గానీ గోడల నుంచి ప్రతిధ్వని వస్తుంది. పరుపులు, బట్టలు ఉన్న హాస్టల్ గదే నయం, అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. డాబా మీద గాలి మైకులో తుఫానులా వినబడుతుంది. ఒకే తీరుగా తిరిగే ఫ్యాన్ మోతని ఫోను చాలావరకు తగ్గించగలదు, పక్కన మాట్లాడే మనుషుల గొంతుల్ని అంతబాగా తగ్గించలేదు. కాబట్టి ఫ్యాన్‌తో కంటే రూమ్మేట్లతోనే జాగ్రత్త. వైరున్న ఇయర్‌ఫోన్స్ అయితే ఛార్జింగ్ బెంగ ఉండదు, కానీ మైకు కాలర్‌కి రాసుకోకుండా చూడండి. మధ్యలో వేరే కాల్ బీప్‌లు రాకుండా #43# డయల్ చేసి కాల్ వెయిటింగ్ ఆపొచ్చు, అయ్యాక *43# తో మళ్ళీ పెట్టుకోవచ్చు. రెండో సిమ్ ఆపేయండి. తెలియని నంబర్లని నిశ్శబ్దం చేసే సెట్టింగ్ ఉంటే ఆ రోజుకి తీసేయండి, హెచ్ఆర్ నంబరు మీ కాంటాక్ట్స్‌లో ఉండదు కదా. నిలబడి మాట్లాడితే గొంతు తెరుచుకుంటుంది. కాల్ తెగితే ఎవరు మళ్ళీ చేయాలో మొదట్లోనే అడిగి పెట్టుకోవడం మర్యాదగానే ఉంటుంది.

చెప్పిన టైమ్ కాకుండా హఠాత్తుగా కాల్ వస్తే? బస్సులో ఉంటే బస్సులో ఉన్నానని చెప్పండి. "అరగంటలో మాట్లాడొచ్చా" అంటే చాలామంది ఒప్పుకుంటారు. జంక్షన్లో నిలబడి హారన్ల మధ్య సగం వినబడీ సగం వినబడక చెప్పే జవాబు కంటే అది ఎన్నో రెట్లు మేలు.

డబ్బడిగే కాల్స్

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఫోన్లో పది నిమిషాలు తేలిక ప్రశ్నలడిగి, వెంటనే "మీరు సెలెక్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్‌కో ల్యాప్‌టాప్ డిపాజిట్‌కో ఇంత కట్టండి" అంటే అది ఇంటర్వ్యూ కాదు, మోసం. ట్రైనింగ్ ఫీజన్నా, తిరిగిచ్చేస్తామన్నా అంతే. ఓటీపీ అడిగినా, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. మా జూనియర్ ఒకమ్మాయి ఇలా వచ్చిన కాల్‌ని నాకు వినిపించింది, అచ్చం హెచ్ఆర్ లాగే, ఎంత తియ్యగా మాట్లాడారో. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి తనే ఫోన్ చేసి అడిగింది, అలాంటి ఉద్యోగమే లేదన్నారు. ఇప్పటికే డబ్బు పోయుంటే సిగ్గుపడి దాచుకోవద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కాల్ అయ్యాక

ఫోన్ పెట్టగానే ఇంటికి చేసెయ్యకండి. ముందు పది నిమిషాలు కూర్చుని అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు రాసుకోండి. రాత్రికి సగం మర్చిపోతారు. తర్వాతి రౌండ్‌లో వాటి మీదే పట్టుకుంటారు చాలాసార్లు. మెయిల్ ఐడీ ఇచ్చుంటే రెండు వాక్యాల థాంక్స్ మెయిల్ పెట్టొచ్చు, పేజీ నిండా కాదు.

మా రూమ్మేట్‌కి నాలుగో ఫోన్ ఇంటర్వ్యూలో తర్వాతి రౌండ్ పిలుపొచ్చింది. ఆ రోజు వాణ్ణి అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు రాలేదు, సగం దాకా వెళ్ళి ఇరుక్కున్నాడు. కానీ ఎక్కడ ఇరుక్కున్నాడో పైకి చెప్పాడు, అవతలాయన చిన్న హింట్ ఇచ్చాడు, అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి లాగారు. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. అప్పు వాయిదాలు వాడే కడుతున్నాడు.

మాక్ కాల్స్ ఈ సెమిస్టర్ కూడా ఉన్నాయి. బుధ, శుక్రవారాల్లో మెస్ అయ్యాక తొమ్మిదింటికి, బాయ్స్ హాస్టల్ నుంచి మేము, గర్ల్స్ హాస్టల్ నుంచి ఫైనలియర్ అక్కలు కాల్ చేస్తాం. పేరు ఇవ్వాలనుకునేవాళ్ళు క్లబ్ గ్రూపులో రాయండి. టైమ్ మాత్రం ముందే చెప్పం, ఎప్పుడైనా మోగొచ్చు.